మా బావ సాగనంపిన జబ్బు

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆ లెక్కన మా బావ గురించి నేను నోరు మూసుకోవాలి. మొన్న ఆయన సంవత్సరీకం భోజనాల దగ్గర అరకు బజారు బజారంతా విస్తళ్ళ ముందు కూర్చుని ఆయన్ని ఆకాశానికెత్తేస్తుంటే అలాగే మూసుకున్నాను కూడా. "ఏం గుండె బాబూ ఆయనది! కాలు అరటిబోదెలా వాచినా ఖాతరు చెయ్యలేదు" అని ఒకాయన. "రోగమే ఆయన్ని చూసి పారిపోయింది" అని పక్కాయన. పప్పు వడ్డిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. రోగం పారిపోతే మరి ఈ పప్పు ఎవరి పేరున వడ్డిస్తున్నట్టు?

బావని వెక్కిరించే హక్కు బామ్మర్దికి పెళ్ళినాడే వస్తుంది. చచ్చిపోయినంత మాత్రాన ఆ హక్కు పట్టుకుపోతానంటే ఊరుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన బట్టల వ్యాపారి. కింద బొబ్బిలి వైపు నుంచి వాళ్ళ తాత బట్టల మూట నెత్తిన పెట్టుకుని కొండెక్కాడట. మనవడు వ్యానెక్కాడు, అంతే తేడా. కాపురం అరకులో. వారంలో ఒక్కో రోజు ఒక్కో సంత: హుకుంపేట, డుంబ్రిగూడ, పెదబయలు, ముంచింగిపుట్టు. నేల మీద టార్పాలిన్ పరిచి, దాని మీద బట్టల బేళ్ళు పేర్చి, అన్నిటికన్నా ఎత్తైన బేలు మీద మఠం వేసుకుని కూర్చునేవాడు. ఒకసారి కూర్చున్నాడంటే పొద్దు వాలేదాకా ఆయన్ని ఎవరూ లేపలేరు. అడిగిన చీర ఆయన మోకాలికి తగులుతున్నా మా అక్కే లేచొచ్చి తీసివ్వాలి. మంచినీళ్ళు కూడా గొంతు తడుపుకునేంతే. ఎక్కువ తాగితే మధ్యలో లేవాలి కదా!

కూర్చున్న చోట నుంచి లోకాన్నంతా నడిపించేవాడు మాత్రం. వాన ఎప్పుడొస్తుందో, ఎవడు ఎలక్షన్లో గెలుస్తాడో, ఎవరి కూతురు ఎవడితో లేచిపోతుందో అన్నీ ఆయనే చెప్పాలి. చెప్పాక కుడిచేత్తో గాలిలో ముద్ర కొట్టినట్టు ఒక దెబ్బ వేసి, "నా మాట రాసుకో" అనేవాడు. ఒక్కటి నిజమైతే ఏడాది పొడుగునా చెప్పేవాడు. తప్పినవి ఆయనకి గుర్తుండేవి కావు. గుర్తు చేసిన బామ్మర్దికి ఆ పూట కాఫీ ఉండేది కాదు.

ఆయన పంతం ఎలాంటిదో ఒక్క ముక్కలో చెప్తాను. ఒకసారి పెదబయలు సంతలో ఒక రకం దుప్పటి రంగు పోదని పదిమంది ముందు ఒట్టేశాడు. కొన్నావిడ మరుసటి వారం తెల్లగా వెలిసిపోయిన దుప్పటి తెచ్చి ముందు పడేసింది. మా బావ దాన్ని ఎగాదిగా చూసి, "రంగు పోనేదమ్మా, నీ ఏటి నీళ్ళకి తెలుపెక్కింది" అన్నాడు. ఆవిడ నవ్వాలో తిట్టాలో తెలియక నవ్వేసి వెళ్ళిపోయింది. మా అక్క ఆమె వెనకాలే పరిగెత్తి వేరే దుప్పటి చేతిలో పెట్టి వచ్చింది. ఆ కాపురమంతా అలాగే నడిచింది. ఆయన మాట జారడం, ఈవిడ వెనకాల పరిగెత్తి సర్దుకురావడం.

ఒక ఏడాది వానలు వెనకబట్టే రోజుల్లో ఆయన ఎడమ పిక్క వాచింది. ముట్టుకుంటే వేడి, నొక్కితే నొప్పి. వ్యాను దిగుతుంటే బెణికిందన్నాడు. వేడి కాపడం పెట్టుకుని, పాత పంచె చింపి గట్టిగా కట్టుకుని, మళ్ళీ బేలెక్కి కూర్చున్నాడు. మా అక్క ఒక ఉదయం కట్టు విప్పి చూసి హడలిపోయింది. ఒక కాలు కాలులా ఉంటే రెండోది అరటిబోదెలా ఉంది. నన్ను పిలిచింది. ఇద్దరం కలిసి బతిమాలి, తిట్టి, చివరికి వ్యానులో పడుకోబెట్టి అనంతగిరి ఘాటీ దించి విశాఖపట్నం ఆస్పత్రికి పట్టుకుపోయాం.

స్కానింగు తీశారు. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందన్నారు. చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. ఓపిగ్గా ఒకదాని తర్వాత ఒకటి అడిగింది. ఈమధ్య ఆపరేషన్ ఏదైనా అయిందా? ఎముక విరిగిందా? మంచం పట్టారా? ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా? అన్నిటికీ మా బావ గర్వంగా తల అడ్డంగా ఊపాడు, ఏదో పరీక్ష పాసవుతున్నట్టు. ఏవేవో పరీక్షలు కూడా చేశారు. అందులోనూ ఏమీ దొరకలేదు.

"చూడండి," అంది ఆవిడ, "ఆపరేషన్ లాంటి కారణం ఒకటి కనబడితే, ఆ కారణం పోయాక కొన్ని నెలలు మందు వాడి ఆపేస్తాం. మీకు అలాంటి పెద్ద కారణమేదీ కనబడలేదు. ఇలాంటివాళ్ళకే మందు ఆపితే మళ్ళీ వచ్చే భయం ఎక్కువ. మళ్ళీ వచ్చి, ఆ గడ్డలో ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. నాతో చెప్పకుండా మాత్రలు ఆపొద్దు. గంటల తరబడి ఒకేచోట కూర్చోవద్దు. నడవండి. నీళ్ళు తాగండి."

ఇంతకన్నా విడమరిచి ఎవరు చెప్తారు? పక్కనే కూర్చుని నేను విన్నాను. మా అక్క విన్నది. ఆస్పత్రి మెట్లు దిగుతూ మా బావ నా భుజం మీద చెయ్యేసి అన్నాడు:

"సూసావేట్రా బామ్మర్దీ? అంత పెద్ద డాక్టరుకే కారణం తెల్డం నేదు. కారణం నేని రోగం మళ్ళీ ఎందుకొస్తాది? రావడానికి దానికి దారుండాలి గదా. నా మాట రాసుకో, ఇది వొచ్చిపోయిన సుట్టం."

"ఆవిడ చెప్పింది దానికి ఉల్టా బావా. కారణం తెలీలేదు కాబట్టే భయపడమంది."

"నువ్వు లెక్కల మాస్టారివి. నీకు ఒళ్ళు గురించేటి తెలుసు?"

నేను లెక్కల మాస్టారినే, ముంచింగిపుట్టు బడిలో. కానీ ఉన్నది ఉన్నట్టు వినడానికి లెక్కలు కూడా అక్కర్లేదు.

వాపు దిగింది. అక్కడి నుంచి ఆయన వైభవం మొదలైంది. ఏ సంతకెళ్ళినా ముందు చీరలు కాదు, కాలు చూపించేవాడు. లుంగీ మోకాలి దాకా ఎత్తి, పిక్క మీద అరచేత్తో ఠపీమని కొట్టి, "సూడు, డోలు నాగుంది!" అనేవాడు. ఆ గడ్డ పరిమాణం సంత సంతకీ పెరిగింది. హుకుంపేటలో చింతపిక్కంత. డుంబ్రిగూడకి వచ్చేసరికి ఉసిరికాయంత. ముంచింగిపుట్టు చేరేసరికి నిమ్మకాయంత. ఇంకో సంత ఉంటే పనసకాయ కూడా అయ్యేదేమో, అదృష్టవశాత్తూ ఆపైన ఒడిశా. పసుపు కొమ్ములూ విస్తళ్ళు కుట్టే అడ్డాకులూ అమ్ముకుని వచ్చిన ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ఎవరికైనా కాలు వాచిందంటే చాలు, మా బావ పిలిపించుకుని నొక్కి చూసేవాడు. బట్టల కొట్టు కాస్తా వైద్యశాల అయిపోయింది.

డాక్టరమ్మ నడవమంది కదా, తెల్లటి కేన్వాసు బూట్లు కొన్నాడు. అవి వేసుకుని బేలు మీద కూర్చునేవాడు. ఆ బూట్లకి మట్టి అంటగా నేనెప్పుడూ చూడలేదు.

మాత్రలు మాత్రం కొన్నాళ్ళు మింగాడు, అదీ మా అక్క గ్లాసు పట్టుకుని నిలబడితే. ఆ మాత్రలు రక్తాన్ని పలచన చేస్తాయని ఎవరో చెప్పారు. అదిగో, అక్కడ పౌరుషం పొడుచుకొచ్చింది. "మా వంశంలో ఎవుడి రగతం పలచన కానేదు. పాలు పలచనైతే అమ్మకానికి పనికిరావు, రగతం పలచనైతే మనిషి పనికొస్తాడేట్రా?" అనేవాడు. ఒకరోజు పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి కాస్త రక్తం వచ్చింది. చిగుళ్ళ నుంచి రక్తం వస్తే వచ్చి చెప్పాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆయన డాక్టరమ్మకి తప్ప మిగతా అందరికీ చెప్పాడు. నెలనెలా రక్తపరీక్షకి రమ్మంటే, "నెలనెలా పిండుకుంటే ఇంకేటి మిగులుద్ది?" అని మానేశాడు.

ఆ తరవాత ఆయన బుర్రలో ఒక సిద్ధాంతం పుట్టింది.

"అమ్మోరు సూడు. ఒకసారి పోసిందంటే మళ్ళీ ఆ మనిషి జోలికి రాదు. ఎందుకు రాదు? పసుపునీళ్ళు పోసి మర్యాదగా సాగనంపుతాం కాబట్టి. నా కాలికొచ్చినదాన్ని ఎవరైనా సాగనంపినారా? నేదు. డాక్టరమ్మ గూడా మందేసి ఊరుకుంది. అందుకే మళ్ళీ వస్తాదని ఆవిడికి భయం."

మా కొండల్లో ఒక పద్ధతి ఉంది. జబ్బుపడి లేచిన మనిషి ఇంట్లోవాళ్ళు ఒక చాటలో పసుపు బియ్యం, కోడిగుడ్డు, వేపమండ, పాత చీపురు పెట్టి, పైన పసుపు గుడ్డ కప్పుతారు. ఊళ్ళో పూజలు చేసి మంచిరోజులు చెప్పే పెద్దని దిసారి అంటారు. ఆయన మంత్రం చెప్పి ముందు నడుస్తాడు. చాటని పొలిమేర దాటించి వదిలేసి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. అందులో నాకు తప్పేమీ కనబడదు. తగ్గాకే చేస్తారు. మందు మానమని ఎవరూ అనరు. కష్టం గట్టెక్కిందని మనసుకి చెప్పుకునే మర్యాద అది. మా బావ ఆ పసుపు గుడ్డలు మూరల్లెక్కన అమ్మీ అమ్మీ, ఆ పూజ మొత్తం తనకే తెలుసని అనుకున్నాడు. కొబ్బరికాయలు అమ్మేవాడు పురోహితుణ్ణనుకున్నట్టు.

డుంబ్రిగూడ దగ్గర ఒక ఊరి దిసారిని పట్టుకున్నాడు. నన్నూ రమ్మన్నాడు. ముసలాయన అన్నీ పద్ధతిగా సర్దాడు. గుడ్డ కప్పబోయే ముందు మా బావ జేబులోంచి మాత్రల అట్టలన్నీ తీసి, పసుపు గుడ్డ ముక్కలో మూట కట్టి చాటలో పెట్టాడు.

"ఇదేటి షావుకారూ?" అన్నాడు దిసారి.

"రోగం పోతన్నప్పుడు మందు గూడా పోవాల. మందు ఇంట్లో ఉంటే రోగాన్ని రమ్మని పిలిసినట్టే."

"మాము సాటలో మందు ఎయ్యం బాబూ. అది ఆస్పత్రోళ్ళది. తీసీ."

"పూజ ఎవుడిది? నాది. గుడ్డ ఎవుడిది? నాది. మాత్రలు ఎవుడివి? అవీ నావే."

ముసలాయన నా వైపు చూశాడు. నేను మా బావ వైపు చూశాను. "బావా, చాట పంపు, గుడ్డు పంపు, కావాలంటే ఆ బూట్లు కూడా పంపు. మాత్రలు మాత్రం ఇంట్లో ఉంచు" అన్నాను. ఆయన గాలిలో ముద్ర కొట్టాడు. చాట పొలిమేర దాటింది. అందరూ వెనక్కి తిరిగి నడిచారు. మా బావ అందరికన్నా ముందు, ఛాతీ విరుచుకుని, పెళ్ళికొడుకులా.

నేను వెనక్కి చూశాను. చూడడమే కాదు, వెళ్ళి ఆ మూట తెచ్చాను. మిగతావేవీ ముట్టుకోలేదు. ఇంటికొచ్చి మా అక్క చేతిలో పెట్టాను.

మా బావ అది చూసి ఇల్లు ఎగరేశాడు. "ఒరే! పొలిమేర దాటించినదాన్ని మళ్ళీ గుమ్మంలోకి తెచ్చీసినావేట్రా! నాకేటైనా అయిందా, నువ్వే కారణం!" అన్నాడు. కారణం లేని రోగానికి కారణం దొరికింది, అది నేను. మా అక్క ఆయనకీ నాకూ మధ్య నిలబడింది. ఆ తరవాత కూడా ఆవిడ రోజూ కంచం పక్కన మాత్ర పెట్టేది. ఆయన అన్నం తిని, చెయ్యి కడుక్కునే నీళ్ళలో దాన్ని జారవిడిచేవాడు. విశాఖపట్నం ఫోన్ చేశాను. డాక్టరమ్మ ఒకటే మాట అంది: తీసుకురండి అని. మనిషి కదిలితే కదా!

కొన్నాళ్ళు ఏమీ కాలేదు. అదే ఆయన అదృష్టం, అదే ఆయన కొంప ముంచింది. ఏమీ కాకపోయేసరికి సంతల్లో ఉపన్యాసం ముదిరింది. "ఒకసారొచ్చి పోయిందంటే మళ్ళీ రాదు. మాత్రలు గుడ్డలో కట్టి పొలిమేర దాటించీయండి. నన్ను సూడండి!" మళ్ళీ లుంగీ పైకి, మళ్ళీ పిక్క మీద దెబ్బ. "అలా చెప్పకు బావా, ఎవరైనా నమ్ముతారు" అంటే, "నమ్మడానికే సెప్తన్నాను" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు నిజంగానే ఒళ్ళు మండింది. తన పీక కోసుకునేవాడు కోసుకోక, కత్తి పదిమందికీ పంచుతున్నాడు.

డొంకరాయిలో ఒక వ్యాపారి కొడుకు పెళ్ళి అన్నారు. చింతపల్లి, సీలేరు మీదుగా ఆ అడవి రోడ్డు పట్టుకుని పొద్దంతా కారులో మడిచిన కాళ్ళతో వెళ్ళాడు, అలాగే మడిచిన కాళ్ళతో వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి లుంగీ మాని పాంటు తొడగడం మొదలెట్టాడు. జన్మలో సంతకి పాంటు తొడగని మనిషి. కాలు చూపించడమూ మానేశాడు.

"ఏటి బావా ఈ వేషం?"

"పెళ్ళికి కొన్నాను. తొడగకపోతే మూల పడిపోద్ది."

నేను పాంటు ఎత్తబోతే నా చెయ్యి విసిరికొట్టాడు. మా అక్కకీ చూపించలేదట, గది తలుపేసుకుని బట్టలు మార్చుకునేవాడట. ఇద్దరం ఆస్పత్రికి పద పదమని వెంటపడ్డాం. ఏం ఆస్పత్రి? వాచిన కాలు చూపిస్తే, రాదన్నది వచ్చిందని ఒప్పుకోవాలి. అన్ని సంతల్లోనూ కొట్టిన ముద్ర వెనక్కి తీసుకోవాలి. ఆ మాట నోటితో అనలేక ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడిన మనిషిని మీరు ధైర్యవంతుడంటారా? నేను మూర్ఖుడంటాను.

డుంబ్రిగూడ సంతలో, ఎండ నడినెత్తికి రాకముందే ఆయనకి ఆయాసం మొదలైంది. గుండెల్లో పొడుస్తోందన్నాడు. గ్యాసన్నాడు. సోడా తెప్పించుకుని తాగాడు. ఇంకోటి తెమ్మన్నాడు. సెలవు కావడంతో నేనూ అక్కడే ఉన్నాను. ఆయన పెదాల రంగు చూసి, ఇక ఆయన్ని అడగలేదు. నలుగురం ఎత్తి వ్యానులో వేశాం. మా అక్క ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. నేను పాంటు కాలు పైకి లాగాను. మళ్ళీ అదే అరటిబోదె.

మా అక్క ఆ కాలి వంక చూసింది. ఆయన ఆవిణ్ణి చూడలేదు. నన్ను చూశాడు. ఊపిరి అందడం లేదు, అయినా వాదన ఆగలేదు.

"నువ్వేరా... నువ్వే వెనక్కి తెచ్చీసినావు..."

అదే ఆయన ఆఖరి మాట. అరకు ఆస్పత్రి గేటు చేరకముందే అయిపోయింది. అక్కడి డాక్టరు కాలు చూసి, జరిగినదంతా విని, కాలిలోంచి గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుందన్నాడు.

ఇంటికి జనం వచ్చారు. ఎలా పోయారమ్మా అని అడిగారు. మా అక్క గోడకి ఆనుకుని కూర్చుని, "గుండె ఆగిపోయింది" అంది. అడిగిన ప్రతివాళ్ళకీ అదే చెప్పింది. అబద్ధమని ఎలా అనగలను? ఎవరికైనా చివరికి ఆగేది గుండే కదా. ఆయన పరువు వెనకాల ఆవిడ ఆఖరిసారి పరిగెత్తింది, అంతే. కానీ నా మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. ఆ ఆఖరి మాట ఆవిడ కూడా విన్నది. నమ్మిందా? నేను ఆ మూట తేకపోతే ఆయన బతికేవాడని ఏ మూలైనా అనుకుంటోందా? అడగలేదు. అడిగితే ఏం చెప్తుందోనని భయం. ఏడాది పాటు ఒకే పళ్ళెంలోంచి జంతికలు తిన్నాం, ఆ మాట మాత్రం ఎత్తలేదు. చచ్చి కూడా నన్ను ముద్దాయిని చేసి పోయాడని ఆయన మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు.

సంవత్సరీకం అయిన తరవాతి వారం ముంచింగిపుట్టు సంత. ఇప్పుడు బేలు మీద మా అక్క కూర్చుంటోంది. కూర్చోదు, నిలబడే అమ్ముతుంది. ఆ రోజు బడికి సెలవు, నేను బేళ్ళు దించుతున్నాను. మంచు విడిచాక సంత చిక్కబడింది. ఒక పెద్దావిడ, వెనకాల కోడలు వచ్చారు. కోడలు ఇంకా పాలబుగ్గల పిల్ల. వీపున గుడ్డలో బిడ్డని కట్టుకుంది.

"షావుకారమ్మా, పసుపు గుడ్డ మూరెడు సింపు" అంది పెద్దావిడ.

"ఏటికమ్మా? పెళ్ళా?"

"పెళ్ళి గాదు. ఈ గుంటకి పురుడయినాక కాలు పొంగిపోనాది. ఇసాపట్నం తీసుకెల్లినారు. రగతం గడ్డ కట్టిందన్నారు. ఇప్పుడు పొంగు దిగిపోనాది. సాగనంపుతన్నాం. మన షావుకారు సేసినట్టే, మాత్తర్లు గూడా కట్టీసి."

ఆవిడ సంచిలోంచి ఒక పొట్లం తీసి చూపించింది. మాత్రల అట్టలు. చాలావరకు నిండుగానే ఉన్నాయి.

దించుతున్న బేలు అక్కడే వదిలేశాను. కొండమీది ఊళ్ళో ఎవరో బాలింత, మా బావ మొహమైనా సరిగ్గా చూసి ఉండదు, ఆయన వదిలిపోయిన చెత్త తలకెత్తుకుని నిలబడింది. నేను నోరు తెరవబోయాను. మా అక్క చేత్తో ఆగమంది. గుడ్డ మీద పెట్టిన కత్తెర అలాగే ఉంది.

"మాత్రలు కట్టమని ఎవరు సెప్పినారు?"

"ఇంకెవలు? షావుకారే. ఒకసారొచ్చి పోతే మళ్ళీ రాదనీవోరు గదా. ఆయనికి మళ్ళీ రానేదు గదా. గుండాగి పోనారు గానీ."

మా అక్క కోడలి కాళ్ళ వంక చూసింది. ఒక్క మాట, సరే అని గుడ్డ చింపితే, ఆయన పరువు పదిలం. ఆ పిల్ల ఏమవుతుందో తెలీదు. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. తరవాత ఆవిడ కత్తెర కింద పెట్టేసింది.

"గుండె గాదు. కాలే" అంది.

"ఏటి?"

"కాలే అంటన్నాను. అదే గడ్డ మళ్ళీ వొచ్చింది. ముక్క ఊడి ఊపిరిలోకెల్లింది. మాత్రలు మానీసినాడు, అందుకు పోయాడు." ఆవిడ గొంతు పెరిగింది. పక్కన ఉల్లిపాయలు తూచేవాడు తక్కెడ పట్టుకుని అలాగే చూస్తున్నాడు. "నా మొగుడికి గొప్పెక్కువ, బుద్ధి తక్కువ. పారేసిన మాత్రలు మా తమ్ముడు పొలిమేర దాకా ఎల్లి ఏరుకొచ్చి ఇచ్చినాడు. అవి మింగుంటే బతికీవోడేమో! నీళ్ళలో పారబోసి, మళ్ళీ మా తమ్ముడి మీదే నెపమేసి పోయాడు. గుండాగిందని నేనే అబద్దం సెప్పినాను, నలుగురూ నవ్వుతారని. ఇప్పుడు నవ్వితే నవ్వుకోండి."

ఎవరూ నవ్వలేదు. ఏడాదిగా నేను ఎదురుచూసిన మాట అది. ఒక్కడినీ ఉన్నప్పుడు ఎన్నిసార్లు ఊహించుకున్నానో. వచ్చింది, సంత మధ్యలో, అందరి ముందూ వచ్చింది. నాకు పిసరంత సంతోషం కలగలేదు. అంతలా తిట్టించుకుంటున్న మనిషి అక్కడ లేడే, ఉండి ఉంటే చెయ్యి గాలిలోకి లేపి ఏదో ఒక అడ్డదిడ్డపు జవాబు చెప్పేవాడే అనిపించింది. వెధవ మనిషి.

కోడలు మొదటిసారి నోరు విప్పింది. "నాకూ మళ్ళీ వత్తాదా అమ్మా?"

"రావొచ్చు, రాకపోవొచ్చు. అది సంతలో సెప్పీది గాదు. నీకు పురిట్లో వొచ్చింది, ఆయనకి ఊరికే వొచ్చింది. ఎవరికెన్నాళ్ళు మందో డాక్టరు సెప్పాల. ఇప్పుడే ఆస్పత్రికెల్లి మానీసినానని సెప్పు." తరవాత పెద్దావిడతో అంది, "గుడ్డ ఎక్కడికీ పోదు. మందు ఆపమని డాక్టరు సెప్పిన రోజు రా, నేనే సింపి ఇస్తాను. అందులో మాత్రలు మాత్రం కట్టకండి. తమ్ముడూ, బండి తియ్యి. బేగి."

ముంచింగిపుట్టు ఆస్పత్రి ఎంతో దూరం లేదు. దారిలో అత్త గొణుగుతూనే ఉంది. కోడలు పొట్లం రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆస్పత్రిలో నర్సమ్మ ఏమిటని అడిగితే, అత్తే జవాబు చెప్పబోయింది, తిడతారన్న భయంతో నీళ్ళు నమిలింది. ఆ పిల్ల ముందుకొచ్చింది.

"మాత్తర్లు మానీసినానమ్మా. తప్పైపోనాది. కాలు సూడండి" అని, కోక అంచు పిక్క దాకా ఎత్తి నిలబడింది.

మా బావ నోటికి రాక ప్రాణం మీదికి తెచ్చుకున్న మాట అదే. ఆ పిల్లకి గుక్క తిప్పుకునేంత సేపు కూడా పట్టలేదు. నర్సమ్మ కసిరింది, డాక్టరుని పిలిచింది. బిడ్డ ఏడుపందుకుంటే, ఆ పిల్ల బల్ల మీద కూర్చుని పాలు పట్టింది.